ఆస్ట్రిచ్ గుడ్లు పిల్లలు కావడం లేదంటే పుంజుని మార్చేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వైజాగ్ పక్కన సబ్బవరం దగ్గర రెండు పుంజులు, నాలుగు పెట్టలు. జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా 38 గుడ్లు. వాటిలో 31కి టైం అయిపోయింది, 5 పిల్లలు దిగాయి, అందులో 2 కాళ్లు వాచి మూడో రోజుకే పోయాయి. ఇంకో 7 గుడ్లు పొదిగే మెషీన్‌లో ఉన్నాయి. "పుంజులో పస లేదు, అమ్మేసి కొత్తది కొనుక్కోండి" అని మీకు పక్షులు అమ్మినాయనే చెప్పాడు. కొత్త పుంజుకి అడ్వాన్స్ ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పుడు మీ టెన్షన్.

ఇవ్వకండి. అమ్మేవాడు కొనమనక ఇంకేమంటాడు?

మీరు మాటవరసకి రాసిన రెండు విషయాల్లోనే సగం జవాబు ఉంది. దిగిన అయిదు పిల్లలూ జనవరి, ఫిబ్రవరిలో పెట్టిన గుడ్లవే అన్నారు. మార్చి నుంచి పెట్టిన గుడ్డు ఒక్కటీ పిల్ల కాలేదు. ఇంకోటి, ఒకే ఒక్క గుడ్డుని తూచి రాసుకున్నారు: మెషీన్‌లో పెట్టిన రోజున 1,520 గ్రాములు, 35వ రోజున 1,410. ఆ రెండు అంకెలు రాసుకున్నందుకు మీకు దండం పెట్టాలి. చాలామంది అదీ చేయరు.

ఒక్క తప్పు మాత్రం చేశారు. దిగని గుడ్లలో ఇరవై దాకా గోతిలో పూడ్చేశారు, ఒక్కటీ పగలగొట్టి చూడలేదు. లోపల ఏముందో చూడకుండా అన్నిటినీ "క్లియర్ గుడ్లు", అంటే పిండమే పట్టనివి, అనేశారు. పిల్ల రాని గుడ్డు వేరు, పుంజు తొక్కని గుడ్డు వేరు.

ఇదే పొరపాటు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈమూ పక్షుల పెంపకం హడావుడి నడిచిన రోజుల్లో భీమిలి వైపు ఓ ఫారంలో హేచరీ చూసేవాణ్ణి. 2012లో తమిళనాడులో ఈమూ పేరు చెప్పి డబ్బులు వసూలు చేసిన సంస్థలు బోర్డు తిప్పేశాక ఇక్కడా అందరూ పక్షుల్ని వదిలేశారు. నేను గల్ఫ్ పోయి తొమ్మిదేళ్లు ఆస్ట్రిచ్ ఫారంలో అదే పని చేశాను. వెళ్లిన మొదటి ఏడాదే, గుడ్లు దిగడం లేదని నా మాట మీద ఓ పుంజుని కోతకి పంపించారు. మంచి పొడగరి, నల్లగా నిగనిగలాడేది. తర్వాతి సీజన్లో కొత్త పుంజు వచ్చింది, లెక్క మాత్రం మారలేదు.

అప్పుడు సూడాన్ నుంచి వచ్చిన ఓ పెద్దాయన, షెడ్డు వెనక బోర్లించిన బకెట్ మీద కూర్చుని, దిగని గుడ్డు ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు. గాలిగది, అంటే పెంకు లోపల గాలి ఉండే ఖాళీ, ఉన్న వైపు చిన్న డ్రిల్లుతో బెజ్జం వేసి, చుట్టూ మెల్లగా కొట్టి, పెంకుని మూతలా తీశాడు. లోపల ముడుచుకుని పూర్తిగా పెరిగిన పిల్ల ఉంది. కాళ్లూ, మెడ వెనకా నీరు పట్టి బూరెల్లా ఉబ్బాయి. ఆయన వేలితో మెడ మీద నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. నా వైపు చూసి, "ఇది పుంజు లేకుండానే వచ్చిందా?" అన్నాడు. ఆ పుంజు మాంసం అప్పటికే ఎవరో తినేశారు.

మీ దగ్గర పారేయడానికి ఉంచిన ఆరు గుడ్లు ఉన్నాయన్నారు కదా, వాటితో మొదలుపెట్టండి. ఆరుబయట, కళ్లకి అద్దాలు పెట్టుకుని, గుడ్డు చుట్టూ తడి గోనె చుట్టి చేయండి. ఈ ఎండలకి లోపల గ్యాస్ పట్టి ఉంటే బాంబులా పేలుతుంది. నాలుగు రోజులు స్నానం చేసినా ఆ కంపు పోదు. లోపల పిల్లగానీ, రక్తపు గీతగానీ, పచ్చసొన మీద వలయంలా పాకిన పొరగానీ ఉందంటే పుంజు తన పని చేసినట్టే. అవేవీ లేకుండా సొన సొనలాగే ఉంటే అది నిజమైన క్లియర్ గుడ్డు. కుళ్లి కలిసిపోతే ఏదీ తేల్చలేం, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇకముందు పెట్టే గుడ్లని 12వ రోజున ఒకసారి, 21వ రోజున ఒకసారి చీకటి గదిలో లైటు పెట్టి చూడండి. పెంకు దాదాపు 2 మిల్లీమీటర్ల మందం కాబట్టి కోడిగుడ్డుకి వాడే చిన్న లైటు చాలదు. గట్టి టార్చిని అట్టపెట్టె బెజ్జంలో బిగించి, గుడ్డుని దాని మీద ఆనించాలి. పిండం పెరుగుతుంటే నల్లటి నీడ రోజురోజుకీ పాకుతుంది. క్లియర్ గుడ్డు మూడు వారాలైనా లాంతరులా వెలుగుతూనే ఉంటుంది. పేరున్న ఫారాల్లో కూడా వందకి ఇరవై దాకా క్లియర్ గుడ్లు మామూలే, అంతమాత్రానికి కంగారు పడకండి.

ఇప్పుడు అసలు సంగతి, మన వైజాగ్ గాలి.

ఆస్ట్రిచ్ ఎండిన నేలల పక్షి. ఆ గుడ్డు 42 రోజుల్లో తన బరువులో 12 నుంచి 15 శాతం నీటిని పెంకు రంధ్రాల గుండా బయటికి వదలాలి. అప్పుడే గాలిగది పెద్దదవుతుంది, పిల్ల అందులోకి ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది. నీరు పోకపోతే పిల్ల ఒళ్లంతా వాస్తుంది, తిరగడానికి చోటుండదు, ఊపిరాడక పెంకులోనే పోతుంది. ఎలాగో బయటపడ్డా కాళ్లు వాచి ఉంటాయి. మీ రెండు పిల్లలకీ అయింది ఇదే అనుకుంటున్నాను.

మీరు తూచిన గుడ్డు చూడండి. 35 రోజుల్లో 110 గ్రాములు తగ్గింది, అంటే 7 శాతం చిల్లర. ఆ రోజుకి 165 గ్రాముల దాకా తగ్గాలి. ఆ గుడ్డుని పుంజు ఖాతాలో ఎలా రాస్తాం?

దీనికి మెషీన్ లోపల తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. మీరేమో కోళ్లవాళ్లు చెప్పారని 55 శాతం రావాలని ట్రేలో నీళ్లు నింపారు. ముందు ఆ నీళ్లు పారబోయండి. కానీ దానితోనే అయిపోదు, చిన్న లెక్క ఉంది. ఏప్రిల్లో మన దగ్గర గాలి 29 డిగ్రీలు, తేమ 78 శాతం అనుకుందాం. అదే గాలి మెషీన్‌లోకి వెళ్లి 36 డిగ్రీలకి వేడెక్కితే, చుక్క నీళ్లు పోయకపోయినా లోపల తేమ 50 శాతం పైనే ఉంటుంది. జనవరి రాత్రి 22 డిగ్రీలు, 75 శాతం ఉన్న గాలైతే లోపల 33 దగ్గర ఆగుతుంది. అదీ ఎక్కువే, కానీ కొన్ని గుడ్లు తట్టుకుంటాయి. మీ జనవరి గుడ్లు దిగి, మార్చి గుడ్లు దిగకపోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనబడటం లేదు. పుంజు అలిసిపోయిందన్నది కట్టుకథ.

కాబట్టి మెషీన్‌ని వరండాలోంచి తీసి ఏసీ గదిలో పెట్టండి. గది 22 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే మెషీన్ లోపల దానంతటదే 24 శాతం అవుతుంది. ఏసీ ఒక్కటే అంత దించలేకపోతే గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫైయర్ తోడు పెట్టాలి. వానాకాలంలో అది లేకుండా కుదరదు. గదిని పూర్తిగా మూసేయకండి, ఆఖరి రెండు వారాలూ పిండాలకి గాలి బాగా కావాలి. పుంజుకి పెట్టే డబ్బు ఈ గదికి పెట్టండి.

మెషీన్‌లోని మీటరు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. తూకాన్నే నమ్ముతాను. అయిదు కిలోల వంటింటి త్రాసు చాలు. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో పెట్ట నంబరు, తేదీ, బరువు రాసి, వారానికోసారి తూచండి. కిలోన్నర గుడ్డయితే వారానికి 32 నుంచి 35 గ్రాములు తగ్గాలి. 20 దగ్గరే ఆగితే గది ఇంకా ఆరబెట్టాలి. 45 దాటితే తేమ కాస్త పెంచాలి. ఒక్కో పెట్ట గుడ్డుకి పెంకు మందం, రంధ్రాలు వేరుగా ఉంటాయి, కాబట్టి అన్నీ ఒకేలా తగ్గవు. సగటు చూసుకోండి.

వేడి కూడా మార్చాలి. మీరు పెట్టిన 37.5 డిగ్రీలు కోడి లెక్క. ఆస్ట్రిచ్‌కి 36 నుంచి 36.5 మధ్యే. ఈ పెద్ద గుడ్డు ఆఖరి రోజుల్లో తనే వేడి పుట్టిస్తుంది. దాన్ని 37.5లో కూర్చోబెడితే కొన్ని మొదటి వారంలోనే చస్తాయి, కొన్ని వంకర కాళ్లతో దిగుతాయి. చేత్తో రోజుకి రెండుసార్లు తిప్పుతున్నానన్నారు, అది చాలదు. కనీసం ఆరు, వీలైతే పన్నెండుసార్లు తిరగాలి. గాలిగది పైకి ఉండాలి. 38, 39వ రోజుకి తిప్పడం ఆపి, పిల్లలు దిగే పెట్టె హేచర్‌లోకి మార్చండి.

ఇక గుడ్లు దాచడం. బ్యాచ్ నిండాలని పన్నెండు, పదిహేను రోజులు వరండాలో ఉంచానన్నారు. ఏప్రిల్ వరండాలో మధ్యాహ్నం 34 డిగ్రీలుంటుంది. 25 దాటిందంటే పిండం కదలడం మొదలుపెడుతుంది, రాత్రి చల్లబడితే ఆగుతుంది, మళ్లీ పొద్దున్న కదులుతుంది. అలా పది రోజులు ఆడిస్తే మెషీన్‌కి చేరకముందే ప్రాణం పోతుంది. 15 నుంచి 18 డిగ్రీల దగ్గర వారం దాకా ఉంచొచ్చు, అంతే. అలాగని వంటింటి ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి చచ్చిపోతుంది. వారానికి ఎన్ని గుడ్లుంటే అన్నే మెషీన్‌లో పెట్టండి, నాలుగైనా సరే.

పెట్ట సాధారణంగా సాయంత్రం పూట, రోజు విడిచి రోజు పెడుతుంది. మీరు తెల్లారి ఏరుతున్నారు. పెట్టిన అరగంటలో తెచ్చేయండి. వెచ్చటి గుడ్డు చల్లబడేటప్పుడు లోపలికి గాలి పీల్చుకుంటుంది, తడి మట్టి మీద ఉంటే మట్టిలోని క్రిములు కూడా ఆ గాలితో లోపలికి పోతాయి. గూడు మీద రేకు వేసి, కింద ఎండిన ఏటి ఇసుక పోయండి. సముద్రపు ఇసుక ఊరికే దొరుకుతుంది కదా అని తేవద్దు, ఉప్పు వల్ల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. గుడ్డుని కడగొద్దు. ఎండు బ్రష్‌తో దులపండి చాలు.

ఇంతా చెప్పాక పుంజుల్లో ఏ లోటూ లేదని నేననడం లేదు. మీరు పంపిన ఫోటోలో రెండో పుంజు కాళ్ల ముందువైపు పొలుసులు బూడిదరంగులోనే ఉన్నాయి. జత కట్టే వయసొచ్చిన పుంజుకి ముక్కు, ఆ పొలుసులు ఎర్రబడతాయి. మెడ ఉబ్బించి, దూరాన సింహం మూలిగినట్టు బొంగురుగా మూడు నాలుగు కూతలు పెడుతుంది. పెట్ట ముందు మోకాళ్ల మీద కూలబడి, రెండు రెక్కలూ విప్పి చెరోవైపు మార్చి మార్చి విసురుతూ, తలని వెనక్కి వాల్చి వీపుకి అటూ ఇటూ కొట్టుకుంటుంది. పూనకం వచ్చిందేమో అనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేరు. పెట్టలు రెండు, రెండున్నరేళ్లకే గుడ్లకి వస్తాయి. పుంజులు చాలావరకు వాటికంటే వెనకబడతాయి, మూడేళ్లు దాటాకే కుదురుకునేవీ ఉంటాయి. మీ రెండోది రెండున్నరేళ్లది, దానికి ఇంకా టైం ఇవ్వండి.

ఆ రెండిటినీ ఒకే దొడ్లో ఉంచడం మాత్రం తప్పే. పెద్దది చిన్నదాన్ని తరుముతుంది, చిన్నది పెద్దదాని పని చెడగొడుతుంది. ఒక పుంజు, రెండు పెట్టల చొప్పున విడదీయండి. ఒక్కో దొడ్డికి కనీసం పాతిక సెంట్లు ఉండాలి, పక్షి పరిగెత్తే పొడవుండాలి. మధ్య కంచెకి గ్రీన్ నెట్ కట్టండి. పక్క పుంజు కనబడిందంటే రోజంతా కంచె వెంబడి తిరగడమే, పెట్ట సంగతే పట్టదు. నేల జారకుండా చూడండి. పెట్ట నేల మీద కూర్చుంటేనే పుంజు ఎక్కుతుంది, బురదలో రెండుసార్లు జారిందంటే మూడోసారి దగ్గరికి రాదు.

ఆదివారాలు జనం సెల్ఫీలకి వస్తున్నారని సంబరంగా రాశారు. అదీ దెబ్బే. మనుషుల మధ్య పెరిగిన ఆస్ట్రిచ్‌లు మనుషుల్ని చూసి జతకట్టే చేష్టలు చేస్తాయి. బ్రిటన్‌లో 1998లో దీని మీద పరిశోధన పత్రమే వచ్చింది. దొడ్డి దగ్గర మనిషి నిలబడితే వాటి చేష్టలు ఎక్కువవుతాయని అందులో తేలింది. మీ పుంజు రెక్కలు విసిరేది పెట్ట కోసమా, ఫోన్ పట్టుకున్న కుర్రాడి కోసమా చూసుకోండి. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు తర్వాత అటు ఎవర్నీ పోనివ్వకండి. మీరు మాత్రం నెట్ వెనక నుంచి పది రోజులు గమనించి ఏ పుంజు ఏ పెట్టని ఎన్నిసార్లు తొక్కిందో రాసుకోండి. కొన్ని పుంజులు ఒక పెట్టనే పట్టుకుని రెండోదాని మొహం చూడవు. అప్పుడు పుంజుని అమ్మక్కర్లేదు, జత మారిస్తే సరిపోతుంది.

ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియడం లేదన్నారు. గుడ్డుని చెంపకి ఆనించి వెలుతురులో ఓరగా చూడండి. ఒక పెట్ట గుడ్డు గాజులా నున్నగా, రంధ్రాలు కనబడీ కనబడకుండా ఉంటుంది. ఇంకోదాని మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటాయి. ఒక పెట్ట తీరు ఆ సీజనంతా మారదు. అడవిలో పెద్దపెట్ట తన గూట్లో వేరే పెట్టలు పెట్టిన గుడ్లలోంచి తనవి గుర్తుపట్టి మధ్యలో ఉంచుకుని, ఎక్కువైనవాటిని బయటికి దొర్లిస్తుంది. దానికి చేతనైంది మనకీ వారంలో అబ్బుతుంది. నాలుగింటిలో ఒకటి అసలు పెట్టడమే లేదని తేలినా ఆశ్చర్యపోను.

దాణా సంగతికొస్తే, లేయర్ కోళ్ల దాణా అన్నిటికీ ఒకే తొట్లో పెడుతున్నారు. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. ఆస్ట్రిచ్ పెట్టకి 2 నుంచి 3 చాలు, పుంజుకి అంత కూడా అక్కర్లేదు. కాల్షియం మరీ ఎక్కువైతే జింక్ ఒంటికి పట్టదు, జింక్ తగ్గితే పుంజు వీర్యం దెబ్బతింటుంది. దాణాలో కాల్షియం తగ్గించి, గుల్ల పొడి వేరే తొట్టిలో పెట్టండి, కావలసిన పెట్ట వెళ్లి తింటుంది. పక్షికి రోజుకి రెండు, రెండున్నర కిలోలు మించొద్దు. నడుము మీద చెయ్యి పెట్టి చూడండి, వెన్నెముక చేతికి తగలాలి. రెండు పక్కలా కొవ్వు లేచి మధ్యలో గాడి పడిందంటే ఆ పక్షి ఒళ్లు చేసింది. కొవ్విన పెట్ట గుడ్లు తగ్గిస్తుంది, కొవ్విన పుంజుకి బద్ధకం. వేరుశనగ చెక్కకి మన చెమ్మ గాలిలో బూజు తొందరగా పడుతుంది. ఆ బూజు విషం గుడ్లనీ పిండాన్నీ రెండిటినీ దెబ్బతీస్తుంది, నెల సరుకు ఒకేసారి కొనకండి.

నాలుగు పెట్టలకి 38 గుడ్లంటే దిగులు పడ్డారు. మొదటి సీజన్ పెట్టలు తక్కువే పెడతాయి. కుదురుకున్నాక ఏడాదికి 40 నుంచి 60 దాకా వస్తాయి, వంద దాటించేవీ ఉంటాయి, పది కూడా పెట్టనివీ ఉంటాయి. ఇప్పుడు వానలు మొదలవుతున్నాయి కాబట్టి పుంజుల్నీ పెట్టల్నీ వేరుచేసి, మామూలు మేతతో కనీసం మూడు నెలలు విశ్రాంతి ఇవ్వండి. దక్షిణాఫ్రికాలో ఔట్స్‌హోర్న్ వైపు తరతరాలుగా ఇదే పని చేస్తున్నవాళ్లు కూడా ఏటా కొన్ని నెలలు విడదీసి ఉంచుతారు. నన్నడిగితే మళ్లీ కలపడం నవంబరు దాటాకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు కోసం ఇక్కడ ఎలా ఎదురుచూశారో మీకు గుర్తుండే ఉంటుంది. 42 రోజులు వేడి తగ్గకుండా ఉండాల్సిన గుడ్లని తుఫాన్ల నెలలో మెషీన్‌లో పెట్టి, జనరేటర్ మీద భారం వేయడం నాకిష్టం లేదు.

చచ్చిన పిల్లలు దొరికితే ఒకటి రెండు ఐసు పెట్టెలో పెట్టి గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లి కోసి చూడమని అడగండి. వాపు నీటిదా, బొడ్డు నుంచి పాకిన ఇన్‌ఫెక్షనా వాళ్లు తేలుస్తారు. డిసెంబరు నుంచి ఏసీ గదిలో పెట్టిన గుడ్లలో కూడా సగానికి పైగా నిజమైన క్లియర్ గుడ్లే వస్తే అప్పుడు రాయండి. ఆ పుంజు మీద నేనే మీకు ఫిర్యాదు రాసిస్తాను.

ఆఖరున, క్లియర్ గుడ్లు వండుకోవచ్చా అని చెల్లెమ్మ అడిగిందన్నారు. మెషీన్‌లో పెట్టింది వద్దు, వేడిలో వారాల తరబడి ఉన్న గుడ్డది. మెషీన్‌లో పెట్టని తాజాదైతే రెండు డజన్ల కోడిగుడ్లకి సమానం, చుట్టాలొచ్చిన రోజు చూసుకోండి. పెంకులు మాత్రం ఒక్కటీ పారేయకండి. కలహారి ఎడారిలో సాన్ జనం వాటిలో నీళ్లు నింపి ఇసుకలో దాచుకునేవాళ్లు, అంత గట్టివి. బొమ్మలు వేసేవాళ్లు అడిగి మరీ తీసుకుంటారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, అడుగువైపు ఒకే బెజ్జం వేసి, సైకిల్ పంపుతో ఊది ఖాళీ చేసి, బ్లీచింగ్ నీళ్లలో ఒక పూట నానబెట్టి నీడన ఆరబెట్టండి. బెజ్జం కింద ఉంటే స్టాండు మీద పెట్టినప్పుడు కనబడదు.